ఊరు వదిలిన పేరు

"పాపా, నేను పోతే కంబదూరి వాళ్ళు అయిపోయినట్టేనా?"

ఒక ఆదివారం పొద్దున మా నాయన ఈ మాట అడిగాడు. బాధగా అడగలేదు. చేతిలో కాఫీగ్లాసు పట్టుకొని, ఇంట్లో బియ్యం అయిపోయినాయా అని అడిగినంత మామూలుగా అడిగాడు. ఆయనకు ఎనభైమూడేళ్ళు. ముప్ఫైనాలుగేళ్ళు పల్లెటూరి బళ్ళలో తెలుగు పంతులుగా పనిచేసి దిగినవాడు. లెక్క తప్పకుండా ప్రశ్న వేయడం ఆయనకు అలవాటు. నాకు మాత్రం జవాబు తోచలేదు.

లెక్క చూస్తే ఆయన అన్నది నిజమే. మా నాయనకు మేమిద్దరం ఆడపిల్లలం. చిన్నాయనకు ఒక్కడే కొడుకు, వాడు అమెరికాలో ఉన్నాడు. వాడు పాస్‌పోర్టు తీసుకొనేటప్పుడు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండిపోయింది. అక్కడికి పోయాక వాడి సొంతపేరే రెండు ముక్కలై, వెనక ముక్క ఇంటిపేరై కూర్చుంది. ఇప్పుడు వాడి కొడుకు ఆ ముక్కనే ఇంటిపేరుగా మోస్తున్నాడు. ఆ పిల్లవాణ్ణి "కంబదూరి వారబ్బాయి" అంటే, వేరెవరినో పిలుస్తున్నారని పక్కకు చూస్తాడు.

ఇక నా సంగతి చెప్పనే అక్కరలేదు. పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి పేరు, రేషను కార్డులో మెట్టినింటి పేరు. ఆ మధ్య ఒక ఆఫీసులో ఈ ఇద్దరూ ఒకటేనని ప్రమాణపత్రం తెమ్మన్నారు. నేను నేనేనని నోటరీ ముందు సంతకం చేసి వచ్చాను. ఆ పత్రంలోనూ "కంబదూర్" అని పొట్టిగా కొట్టి యిచ్చారు. అది చూసి మా నాయన కళ్ళజోడు సవరించుకొన్నాడు.

"రు అని రాస్తే ఊరు. రి అని రాస్తే మనం. వీళ్ళు రెండూ లేకుండా చేసినారే!" అన్నాడు.

ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో వ్యాకరణం చెబుతున్న నాకు ఆ మాట సూదిలా గుచ్చుకొంది. ఔపవిభక్తికాల పాఠం ఎన్నిసార్లు చెప్పలేదు! ఊరు ఊరి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, పాడు పాటి అవుతుందని నల్లబల్లమీద రాసి చెబుతూనే ఉన్నాను. ఆ చిన్న ఇకారం నా సొంత పేరులోనే ఉన్నదనీ, "ఫలానా ఊరికి చెందిన" అన్న అర్థమంతా దాన్లోనే ఇమిడి ఉన్నదనీ ఒక్కనాడూ నిలబడి ఆలోచించలేదు. గార్లపాడు వాళ్ళు గార్లపాటి వారైనట్టే, కంబదూరు వాళ్ళం కంబదూరి వారమైనాం.

ఇది మన ఒక్కరి విద్యే అనుకోకండి. పోలెండు దేశంలో ఎన్నో ఇంటిపేర్ల చివర "స్కీ" అని వినిపిస్తుంది. టార్నూఫ్ అన్న ఊరి పెద్దలు టార్నోఫ్స్కీలయ్యారు. ఆడవాళ్ళయితే "స్కా" అంటారు. ఎక్కడి పోలెండు, ఎక్కడి అనంతపురం! ఊరి పేరుకు చిన్న తోక తగిలించి మనిషిని గుర్తుపట్టడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మన ఇంటిపేర్లన్నీ ఊళ్ళ పేర్లే కావనుకోండి. కొన్ని ఉద్యోగాలవల్ల వచ్చాయి. ఎఱ్ఱాప్రెగడ పేరులో ఉన్న ప్రెగ్గడ అంటే మంత్రి. తిక్కన ఇంటిపేరు కొట్టరువు. దానికి ధాన్యం నిలవచేసే కొఠారుతో చుట్టరికం ఉన్నదని పెద్దలంటారు. పప్పు, ఉప్పు, చింతా, మిరియాల, వంకాయల అంటూ వంటింటి నుంచి వచ్చినవి కొన్ని. ఒక్క పెళ్ళి పందిట్లో పిలుపులు వింటే చాలు, సగం సంబారాలు పోగవుతాయి. అయినా ఊళ్ళ పేర్లదే పెద్ద మంద. తాళ్ళపాక అన్నమయ్య, బమ్మెర పోతన, కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ అందరివీ ఊళ్ళే. రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. పెద్దల ఊరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి. ఊరు ఎప్పుడో వదిలినా పేరు రాష్ట్రపతి భవనం దాకా వెంట వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఊరి పేరు ఇంటిపేరయ్యే ముందు ఆ ఇంటికి పేరే లేదా? చాలాసార్లు ఉండే ఉంటుంది. కొత్త పేరు వచ్చి పాతదాన్ని మింగేస్తుంది. తెనాలి రామకృష్ణుడి అసలు ఇంటిపేరు గార్లపాటి అని చెబుతారు. ఈనాడు "గార్లపాటి రామకృష్ణుడు" అంటే పిల్లలు ఎవరాయన అని అడుగుతారు.

అంత దూరం పోనక్కరలేదు. మా కంబదూరు మండలంలోనే రాళ్ళపల్లి అనే ఊరున్నది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో పుట్టిన ఊరది. మైసూరు మహారాజా కాలేజీలో తరతరాల విద్యార్థులకు తెలుగు చెప్పి, వేమనమీద ఉపన్యాసాలిచ్చి, ప్రాకృత గాథలను తెలుగు పద్యాలలోకి దింపి, రాగాలు మరచిపోయిన అన్నమయ్య కీర్తనలకు మళ్ళీ స్వరాలు కట్టి, 1979లో కన్నుమూసిన మహానుభావుడు. ఆయన తండ్రిగారి ఇంటిపేరు కర్ణమడకల. ఆ మాట వింటే మా సీమవాళ్ళకు మడక, అదే నాగలి, కళ్ళముందు కదులుతుంది. మైసూరుకు పోయిన మనిషికి ఊరి పేరే నిలిచింది. కర్ణమడకల అన్నది పుస్తకాలలో తండ్రిగారి పేరు ముందు మిగిలింది.

ఈ కథ మా నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

"మనకూ వేరే పేరుండేది పాపా. మా జేజి చెప్పేది. నేను సరిగా వినలేదు. గోలీలాడుకునే వయసు" అన్నాడు చివరికి.

మా ఇంట్లో చెప్పుకొనే కథ ఇంతే. ధాత కరువులో మా ముత్తాత తండ్రి పెండ్లాం బిడ్డలతో కంబదూరు వదిలి ధర్మవరం వైపు నడిచాడు. అక్కడొక పల్లెలో పాలికి కుదిరాడు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళను "కంబదూరోళ్ళు" అన్నారు. తరవాత ఒక తరానికి బళ్ళో వేసేటప్పుడు అయ్యవారు అదే రాసుకొన్నాడు.

ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఆ కరువు 1878 దాకా సాగింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అంతా బళ్ళారి జిల్లాలో భాగమే. మా జిల్లా విడివడ్డది 1882లో. కరువు పనులకు పోయినవాళ్ళకు 1877లో దొరవారు కట్టిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలోకు తక్కువ. దానితో రాళ్ళు కొట్టి మనిషి బ్రతకాలి. అలాంటప్పుడు ఊరు వదిలినవాడు పసిబిడ్డను భుజాన వేసుకొంటాడా, ఇంటిపేరును వేసుకొంటాడా?

"ఒకసారి పోయి చూసిరా. నాకు బస్సు పడదు" అన్నాడు మా నాయన.

శ్రావణమాసంలో ఒక సెలవునాడు బయలుదేరాను. కళ్యాణదుర్గంలో బస్సు మారాను. రోడ్డుకు రెండువైపులా వేరుశనగ. ఆకు వడలి, ముడుచుకొని, వాన కోసం కాచుకొని ఉన్నది. మా జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి ఋతుపవనం కనుమలు దాటి వచ్చేసరికి నీరసిస్తుంది, తూర్పు ఋతుపవనం కోస్తాలోనే ఖర్చయిపోతుంది. రెండు పెళ్ళిళ్ళకూ పిలుపు అందీ భోజనం దక్కని చుట్టం లాంటిది మా సీమ.

కంబదూరులో దిగగానే మల్లికార్జునస్వామి గుడికి పోయాను. కల్యాణి చాళుక్యుల నాటి పనితనంగా పండితులు చెప్పే పాతగుడి అది. లోపల చల్లగా ఉన్నది. నున్నటి రాతి స్తంభాల మధ్య నిలబడితే వ్యాకరణం పాడు బుద్ధి ఊరుకోదు గదా! కన్నడంలో కంబమంటే స్తంభం. "కంబద ఊరు" అంటే కంబం యొక్క ఊరు. మనకు ఇకారమెలాంటిదో వాళ్ళకు ఆ "ద" అలాంటిది. అంటే ఊరి పేరులోనే ఒక విభక్తి ఉన్నదేమో, దానిమీద మేము మరొకటి తగిలించుకొన్నామేమో అనిపించింది. అనిపించడం వేరు, నిరూపించడం వేరు అని మా గురువుగారు అంటూండేవారు. అందుకని నా ఊహను ఆ స్తంభాల దగ్గరే వదిలి బయటికి వచ్చాను.

గుడి బయట అరుగుమీద ఒక అవ్వ కూర్చొని ఉన్నది. ఒళ్ళో చేటలో వేరుశనగ కాయలు ఒలుస్తున్నది.

"యాటి నుంచి వచ్చినావు మ్మా?" అన్నది.

అనంతపురం నుంచని చెప్పి, "అవ్వా, ఈ ఊళ్ళో కంబదూరి వాళ్ళెవరైనా ఉండారా?" అని అడిగాను.

అవ్వ నావంక వింతగా చూసింది. తరవాత నోరంతా తెరిచి నవ్వింది. 

"ఇదేం మాట మ్మా! ఈడుండేదంతా కంబదూరోళ్ళే గదా! నేనూ కంబదూరుదాన్నే, ఆ మేక్కూడా కంబదూరుదే!"

నాకూ నవ్వొచ్చింది. నా ఎమ్మే పట్టా ఆ మేక ముందు చిన్నబోయింది. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? ఆ గుర్తు కావలసింది బయటివాళ్ళకు. ఊరు వదిలినవాడికే ఊరి పేరు అతుక్కొంటుంది. నేను కంబదూరి వాళ్ళను వెదకడానికి వాళ్ళు లేని ఒకే ఒక్క ఊరికి వచ్చాను!

మా మాటలు విని ఇద్దరు ముగ్గురు చేరారు. వాళ్ళలో ఒక పెద్దాయన నా కథంతా నిదానంగా విన్నాడు. ధాత కరువులో పోయినవాళ్ళ సంగతి ఎవరికి తెలుస్తుంది తల్లీ అన్నాడు. నూటయాభై ఏండ్ల మాట. ఆ తరవాత వచ్చిన కరువుల్లో పోయినవాళ్ళ పేర్లే గుర్తులేవు. ఇప్పుడు కూడా పంట పోయిన ఏడాది మనుషులు బెంగుళూరుకు బస్సెక్కి పోతూనే ఉండారు. ఇంతా చెప్పి, ఏదో గుర్తొచ్చినట్టు, "బావులు చూపిస్తా రా మ్మా" అన్నాడు.

ఊరి బయట రెండు పాత దిగుడుబావులు చూపించాడు. ఒకటి మానిరేవోళ్ళ బావి. రెండోది గంపలోళ్ళ బావి. ఆ ఇంటిపేర్ల వాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఎవరూ లేరట. ఎప్పుడు పోయారో తెలియదు, ఎక్కడికి పోయారో తెలియదు. పొలాలు చేతులు మారాయి, పేరు మాత్రం బావిని వదల్లేదు. మెట్ల మధ్య ముళ్ళతుమ్మ మొలిచి ఉన్నది. రాతిమీద అక్షరాలేమైనా ఉన్నాయేమోనని తడిమి చూశాను. లేవు.

"వీళ్ళల్లో ఎవరో ఒకరు మీవాళ్ళయి ఉండచ్చు. కాకనూ ఉండచ్చు" అన్నాడు పెద్దాయన. అంతకన్నా నిజాయతీగా ఏ పండితుడూ చెప్పలేడు.

మానిరేవు అన్నది కళ్యాణదుర్గం పక్కనుండే ఊరు. ఒకవేళ మేము మానిరేవు వాళ్ళమే అనుకొందాం. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. వాళ్ళు మానిరేవు నుంచి కంబదూరుకు ఎందుకు వచ్చారు? అంతకు ముందు వాళ్ళ ఇంటిపేరేమిటి? ఇలా ఒక పేరు కింద మరొక పేరు, ఒక ఊరి వెనక మరొక ఊరు. అడుగు కనిపించదు.

తిరుగు బస్సులో ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయా అని ఆలోచిస్తూ కూర్చొన్నాను. ఒక కారణం ఉత్త లెక్కే. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన, వాట్సన్ అనే ఫాదిరీ కలిసి 1874లో ఈ లెక్క వేశారు. పేరు మగపిల్లల ద్వారానే సాగేచోట, ప్రతి తరంలోనూ కొన్ని ఇళ్ళలో మగపిల్లలుండరు. ఆ పేర్లు రాలిపోతాయి. రాలినది మళ్ళీ మొలవదు. చాలా తరాలు గడిస్తే కొద్ది పేర్లే మిగిలి, జనమంతా వాటికిందికే చేరతారు. కొరియా దేశంలో ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్ అని ఊరకే అనరు. మన తెలుగువాళ్ళకు ఇన్ని వేల ఇంటిపేర్లు ఇంకా ఉన్నాయంటే, ఇన్ని పల్లెలున్నందువల్లా, పల్లె వదిలినప్పుడల్లా ఒక కొత్త పేరు పుట్టినందువల్లా అనుకొంటాను.

రెండో కారణం కాగితం. 1834 మొదలు మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా పోయిన మనవాళ్ళలో కొందరు తెలుగువాళ్ళు. రేవులో గుమాస్తా మనిషి పేరు, తండ్రి పేరు రాసుకొన్నాడు. ఇంటిపేరుకు ఆ పుస్తకంలో గడి లేదు. అక్కడ చాలామందికి తాత పేరో ముత్తాత పేరో ఇంటిపేరుగా నిలిచింది. మా తమ్ముడి కొడుకుకు అమెరికాలో జరిగిందీ అదే గదా! మారిషస్‌కు ఓడలో పోయినా, అమెరికాకు విమానంలో పోయినా గడి దగ్గర అందరమూ ఒకటే.

మూడో కారణం మన చేతిలోనిదే. ఇంటిపేరును పొడి అక్షరం చేసి, చివర కులం పేరు నిండుగా రాసుకోవడం మా సీమలో మామూలైంది. నా తరగతిలో యాభైమంది ఉంటే, హాజరుపట్టీలో పొడి అక్షరానికి అర్థమేమిటని అడిగితే నిలబడి చెప్పగలిగేవాళ్ళు సగంమంది. ఇంటికి పోయి కనుక్కొని రమ్మంటే మాత్రం మరునాడు ఎంత హుషారుగా వస్తారో! "మేడం, మా పేరు వెనక ఒక గొడవుంది" అని ఒకడు, "మాది కర్ణాటకలో ఊరంట" అని ఒక పిల్ల.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. మా నాయన భోంచేయకుండా కూర్చొని ఉన్నాడు. అంతా చెప్పాను. మేక మాటకు బాగా నవ్వాడు. బావుల సంగతి చెప్పేటప్పుడు మాత్రం ముందుకు వంగి విన్నాడు. మా పాత పేరు మానిరేవా, గంపలా అని అడుగుతాడనుకొన్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకొన్నాను.

"బావుల్లో నీళ్ళుండాయా?" అన్నాడు.

"లేవు నాయనా. రెండూ ఎండిపోయి ఉండాయి. ముళ్ళచెట్లు మొలిచినాయి."

కాసేపు ఊరుకొన్నాడు. "అయితే మంచిపని చేసినారు, పోయి" అన్నాడు. ఆ తరవాత కంచం ముందుకు లాక్కున్నాడు.

ఎవరిని ఉద్దేశించి అన్నాడో నేను అడగలేదు. నూటయాభై ఏళ్ళ కిందట బిడ్డను భుజాన వేసుకొని నడిచిన మనిషినే అనుకొన్నాను. అమెరికాలోని తమ్ముణ్ణి కూడా కలుపుకొని అన్నాడేమో! ఆ రోజు మొదలు "అయిపోయినట్టేనా" అని ఆయన మళ్ళీ అడగలేదు.

అయితే మరో పని మొదలుపెట్టాడు. ఇంటర్మీడియట్ చదివే మా చిన్నపిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక రెండువందల పేజీల నోటుబుక్కులో మా వాళ్ళందరి పేర్లూ రాయిస్తున్నాడు. నడిచిపోయినాయన మొదలు అమెరికా పిల్లవాడి దాకా. మామూలు వంశవృక్షాల్లో ఆడపిల్లలకు కొమ్మలుండవు. ఇందులో ఉన్నాయి. జేజి పేరూ, ఆమె పుట్టింటి పేరూ ఉన్నది. ఆ కొమ్మల్లో నా పేరు పక్కన రెండు ఇంటిపేర్లూ రాయమని మా నాయనే చెప్పాడట. పుస్తకం మొదటి పేజీలో మా పిల్ల పెద్ద అక్షరాలతో "కంబదూరు" అని రాసింది.

ఆయన పెన్ను తీసుకొని చివర కొమ్ము కొట్టేసి గుడి పెట్టాడు.

చదువుతున్న మీకూ ఒక మనవి. మీ పొడి అక్షరం వెనక ఏ ఊరున్నదో, ఏ బావి ఉన్నదో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. మా నాయన చెప్పే జేజి మాట ఒక్క చెవిన పడి ఉంటే, నేను ఆ రెండు బావుల మధ్య అలా నిలబడవలసిన పని ఉండేది కాదు.